బెల్లం తిన్న ఎలుగుబంటి

నాలుగేళ్ల మా అబ్బాయి బెల్లంముక్క పట్టుకుని పెరటి తలుపు గడియ తీస్తుంటే పరుగెత్తి వాడి చెయ్యి పట్టుకున్నాను.

“నా భాలూకి మమ్మీ! ఆ ఎలుగు అప్పుడు నా చేత్తోనే తింది కదా!”

మా గనుల ఊరు కిరందుల్‌లో కొండ పక్క క్వార్టర్లకు ఎలుగుబంట్లు నిజంగానే వస్తాయి. కానీ ఆ ఎలుగు వచ్చింది పక్కింటికి, అదీ వీడు పుట్టకముందు. మా పెద్దమ్మాయి భయపడకూడదని, మనింటికొచ్చి బెల్లం తిని బుద్ధిగా వెళ్లిపోయిందని కథ అల్లింది నేనే.

“అప్పటికి నువ్వు పుట్టనే లేదురా!” అన్నాను.

“పెట్టాడు, నేను చూశాగా,” అంది వాడి అక్క. “మమ్మీకేం గుర్తుండదురా. రోజూ పాలు పొంగించేస్తుంది.”

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి వాడు బెల్లం పెడుతున్నట్టు నాకూ కనిపించసాగింది.

పొద్దున్నే నూనె చిట్లి చేతి మీద పడిన మచ్చ చూపించి, “బెల్లం అయిపోగానే అది నన్ను కరిచింది, మర్చిపోయారా?” అన్నాను.