కిడ్నీని పక్కకు తిప్పిన పాపం

నాకున్న తెలివి సరిపోక అతితెలివికి పోయాను. ఎల్బీనగర్‌లో పరిశోధకులమంతా చేరి, డాక్టర్లు స్కాన్‌లు చూసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కలిసి రాస్తున్నాం. స్కాన్‌లో రోగి కుడివైపు మనకు ఎడమవైపు కనిపించడం పద్ధతి. నేనది తప్పనుకుని తిప్పేశాను! ఒకరి మార్పును మరొకరు చదివి ఒప్పుకుంటేనే సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. నాతో పనిచేసే శ్రీనివాస్ చదవకుండానే "సూపరన్నా, కలిపెయ్" అన్నాడు.

మర్నాడు నా తప్పు బయటపడింది. అప్పటికే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సర్జన్ గారు ఆ కొత్త వెర్షన్‌తోనే ఎవరికో కిడ్నీ తీయబోతున్నారట. ఫోన్ ఎత్తరు. ఒక మనిషి మంచి కిడ్నీ నా మూలంగా పోతుందే! మెట్రో ఎక్కి ఆసుపత్రికి పరుగెత్తాను. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఆయన చేతులు పట్టేసుకున్నాను.

"సార్, కుడిఎడమలు తారుమారయ్యాయి, కొయ్యకండి!"

"పరేషాన్ గాకు తమ్మీ. లివర్ అవతలి దిక్కు కనబడంగనే మీ బొమ్మ బంద్ చేసి స్కాన్ ఫిల్మ్ చూసుకున్న."

అక్కడే కూలబడి ఏడ్చాను.

తర్వాతి సమావేశానికి ముందు ఓ చిన్న మార్పు రాసి శ్రీనివాస్‌కే పంపాను. మళ్లీ చదవకుండా ఒప్పుకున్నాడు. అందరి ముందూ సాఫ్ట్‌వేర్ తెరవగానే పెద్ద తెరమీద వచ్చింది: "ఈ పూట అందరికీ బిర్యానీ శ్రీనివాస్ పెడతాడు."

"ఏందన్నా ఇది?"

"నువ్వే ఒప్పుకున్నావు కదయ్యా!"