గాలి పోయేదానికి గవాచి

మా చిన్నప్పుడు చలి మొదలయిందంటే మా జేజి, అంటే నాయన తల్లి, ఇంట్లో కంతలు వెతికేది... తలుపు సందుల్లో చీరపీలికలు, కిటికీకి గోనెపట్ట, గోడ పగుళ్లకు పేడమట్టి. బొగ్గులు పిరెం, ఊరికే రావు, సెగ బయటికి పోగూడదు. అంతే ఆమె శాస్త్రం.

కడప జిల్లాలో చలి ఏందప్పా అని నవ్వొద్దండి. ఎండ మాకు ఇంటి మనిషి, దాంతో ఎట్ల బతకాలో తెలుసు. చలి చుట్టం... మర్యాదలు తెలీవు. గండికోట పక్కనుంచి పెన్న మీదుగా గాలి తోలిందంటే, జమ్మలమడుగు దగ్గర మా ఊర్లో నాపబండలు తెల్లారేసరికి మంచుగడ్డలే. మంచుగడ్డ అప్పటికి నేను చూడలేదనుకోండి... తర్వాతెప్పుడో ప్రొద్దుటూరు సోడా అంగట్లో చూసినా. సరే, దారి తప్పుతున్నా.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. మా నాగమ్మత్త, నాయన చెల్లెలు, సింహాద్రిపురం నుంచి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తొలిబిడ్డ పురిట్లోనే చలి తగిలి పోయిందని అందరికీ గుండెల్లో గుబులు. ఈసారి మగబిడ్డ... పిడికెడంత ఉన్నాడు. వాణ్ణి దక్కించుకోవాలని జేజి పురిటిగదిలో మంచం పక్కనే కుంపటి పెట్టింది. ఉన్న బొగ్గులతోనే చలికాలం గడవాల. చివరికి ఆమె కన్ను గవాచి మీద పడింది.

గవాచి అంటే ఈ కాలం పిల్లలకు తెలీదు. మట్టిమిద్దె కప్పులో వెలుతురు వచ్చేదానికి, పొగ పోయేదానికి వదిలే గుండ్రటి కంత. వానకు బండ మూస్తారు గానీ, చలికి ఎవరూ మూయరు.

"ఏం మనిషివయ్యా! మనం ఆకాశానికి చలి కాపుతాండామా?" అని మా అబ్బను, అంటే తాతను, మిద్దె ఎక్కించింది. ఆయన గొణుక్కుంటూ గవాచి మీదికి బండ జరిపి, చుట్టూ బురద మెత్తి దిగినాడు.

తెల్లారింది. జేజి వేణ్ణీళ్ల చెంబుతో తలుపు తోసింది. ఆమె కొంగు పట్టుకొని నేను...

బరువైన వేడేదో ముఖానికి కొట్టింది. అత్త కండ్లు సగం తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకదు. బుగ్గలు మాత్రం ఎర్రగా... పాలిపోయిన బాలింతకు అంత రంగు యాడిది? పక్కన పిల్లోడు ఏడవడం లేదు. పిల్లోళ్ల ఏడుపంటే నాకు చిరాకు. ఏడవకపోతే ఎట్లుంటుందో ఆ పొద్దు తెలిసింది.

పామునైనా చీపురు పొరకతో అదిలించే మా జేజి చేతిలోంచి చెంబు జారిపోయింది.

"గాలి సోకింది రా దేవుడా!"

మా పక్క పీల్చేదీ గాలే, పట్టేదీ గాలే... దయ్యం. ఆ మాటకు నా కాళ్లు బండకు అతుక్కుపోయినాయి. అబ్బ పరిగెత్తుకొచ్చినాడు. ఆయన లోపలికి రాగానే జేజి చేసిన పనేందో తెలుసా? ఇంకో గాలి దూరకుండా తలుపేసి గడియ పెట్టింది! ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి కుంపట్లో పోసింది.

"పోతావా, పోవా? యాడిదానివే నువ్వు? పచ్చిబాలింతే దొరికిందా నీకు?"

పొగ... ఘాటు... నా తల గిర్రున తిరిగింది. గాలి నన్నూ పట్టిందనుకున్నా. మంచం మీద అత్త తల ఒక పక్కకు వాలింది.

దగ్గీ దగ్గీ అబ్బ ఒక్క అరుపు అరిచినాడు.

"ఏమే! వాకిలి బిగించి, గవాచి బిగించి, పో పో అంటే అది యాడికి పోతాదే? దానికి దావ ఉండొద్దా?"

జేజి తలుపుకాడ్నుంచి పక్కకు జరిగింది. అప్పటిదాకా దయ్యం తరఫున ఎవరూ ఆలోచించలేదు మరి.

అబ్బ తలుపు బార్లా తీసి, మిద్దెక్కి, గడ్డపారతో బండ పెళ్లగించినాడు. పెళ్లలు రాలినాయి, వాటి వెనకే ఎండ... పొగ సుళ్లు తిరుగుతూ పైకి లేచింది.

"పోతాంది సూడు! నల్లగా పోతాంది!" అంటోంది జేజి.

పిల్లోడు మాత్రం కదల్లేదు.

"ఏడ్సినాడా?" గవాచిలో తలపెట్టి అబ్బ అడిగినాడు.

జేజి వాణ్ణి ఎత్తి ఆ ఎండలో పట్టుకొని నిలబడింది. అరచేత్తో వాని వీపు రుద్దతానే ఉంది.

"ఏమే... ఏడ్సినాడా?" ఈసారి ఆయన గొంతు సగమే వచ్చింది.

అప్పుడు... పిల్లికూన మాదిరి ఒక సన్నటి కూత. పైన మిద్దె మీద అబ్బ కూలబడిన చప్పుడు.

పొద్దెక్కినాక అత్త వాంతి చేసుకొని, "తల పగిలిపోతాందమ్మా" అంది. అంత మంచి మాట మా ఇంట్లో ఎవరూ అని ఉండరు.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎంత విషమో పెద్దయినాక చదివి తెలుసుకున్నా. అత్తకు గాలి సోకలేదు... గాలి సోకకనే ఆ గతి పట్టింది. జేజికి చెప్తే, "నల్లగా పోయింది రా, నా కండ్లతో చూసినా" అనింది. కడదాకా అదే మాట. పిల్లోనికి గాలెన్న అనే పేరే నిలిచింది. ప్రొద్దుటూరులో ఇప్పుడు వాడూ తాతే.

మిద్దె పడగొట్టి స్లాబు పోసినాం. గవాచి లేదు. చలికి మావాళ్లు అన్నీ బిగించి హీటరు పెట్టుకుంటారు. నేను లేచి కిటికీ వేలెడు సందు తీస్తా. "తాతా, కరెంటంతా బయటికి పోతాంది" అని మనవరాలు అరుస్తాది... అచ్చం మా జేజి గొంతే.

గాలికి దావ ఉండాల గదమ్మా అంటా. నవ్వుతాది. నాకు మాత్రం ఇప్పటికీ పైనుంచి మా అబ్బ సగం గొంతు వినపడతాంది.

మీ ఇండ్లల్లో గవాచి ఉండేదా? దాని కింద ఎండలో నిలబడినోళ్లు ఎవరన్నా ఉంటే ఒక మాట రాయండప్పా...