నూతిలో గేదె... నేల మీద చిన్నత్త లెక్క

మా చిన్నప్పుడు... అరవైల చివర్లో... మామ్మ ప్రాణంగా పెంచుకున్న సూడి గేదె... దాని పేరు పైడి... నూతిలో పడిపోయింది!

ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు. సగం మంది రైతులు, సగం మంది జాలర్లు. ఎండాకాలం... పొలంలో గట్టు లేని నుయ్యి... పచ్చగడ్డి కోసం మెడ సాచింది, అంతే, దబ్బున పడింది.

"నా తల్లీ... ఈనే ముందు ఇదేటే!" అని మామ్మ నూతి పక్కనే కూలబడింది. చీకటి పడేలోగా తియ్యకపోతే గేదే, కడుపులో దూడా రెండూ దక్కవని అందరూ అంటున్నారు. నాకు ఎనిమిదేళ్లు... మామ్మకి పోటీగా ఏడుస్తున్నాను.

నాన్న నూతిలో దిగి, దాని పొట్ట కింద గోనెలు వేసి మోకు కట్టాడు. పైనుంచి దొరికినవాళ్లంతా లాగారు. గేదె జానెడు లేచింది... మళ్లీ నీళ్లలోకి జారింది.

అప్పుడొచ్చింది చిన్నత్త. నాన్నకి చెల్లెలు, శ్రీకాకుళంలో పీయూసీ చదివేది. పుల్ల తీసుకుని నేల మీద లెక్క మొదలుపెట్టింది.

"లెక్కలు తర్వాత సేద్దువు గానీ... ముందు నా గేదెని సూడే!" అంది మామ్మ.

"దాని కోసవేనమ్మా!"

బరువుని ఎత్తుతో గుణిస్తే పని... అది ఎలాగూ తగ్గదట. కానీ తెరచాప ఎత్తే గిలకలు రెండు తెచ్చి, ఒకటి పైన దూలాలకి, ఒకటి గేదె కట్టుకి వేస్తే సగం బలం చాలట. తాడు మాత్రం రెట్టింపు లాగాలి. మెల్లగా లాగితే సామర్థ్యం, అంటే సెకనుకి చేసే పని, తక్కువున్నా ఫర్వాలేదట.

"పది మంది సాలు!" అని తేల్చేసింది.

జాలర్లు పరుగున గిలకలు తెచ్చారు. నూతి మీద తాటి దూలాలు నిలబెట్టారు. తాడుకి ముందు ఐదుగురు రైతులు, వెనక ఐదుగురు జాలర్లు. "హైలెస్సా!" అని ఒకటే అరుపులు... తాడు బిగుస్తోంది, వదులవుతోంది. గేదె మాత్రం కదలదు!

"మట్టిలో గీసిన లెక్క మట్టిలోనే ఉంటాది" అని పెదనాన్న ఎగతాళి. చిన్నత్త ముఖం చిన్నబోయింది. "దక్షత ఎక్కడో పోతన్నాది, లాగిన బలవంతా గేదెకి అందటం లేదు" అని గొణుక్కుంటూ గిలకలకి ఆముదం పోయించింది. అయినా లాభం లేదు. తాడు వైపే కళ్లప్పగించి చూసి... ఒక్కసారి పకపకా నవ్వేసింది.

"నూతిలో గేదుంటే నవ్వేటే నీకు!" మామ్మ తిట్లు లంకించుకుంది.

సంగతేమిటంటే... అరుపు ఒకటే, లాగే చోటు వేరు! మా రైతులు "హై" దగ్గర లాగుతున్నారు. జాలర్లేమో వల లాగే అలవాటు కొద్దీ "సా" దగ్గర. వీళ్లు లాగేటప్పుడు వాళ్లు ఊపిరి తీసుకుంటున్నారు...

"ఒక్కలే అరవాల! ఎర్రమ్మప్పా, నువ్వు సెప్పు. అందరూ 'సా' కాడే లాగాల!"

ఎర్రమ్మ చేపలమ్మడానికి వచ్చి, గంప దించి చూస్తున్న మనిషి. ఆవిడ గొంతు విప్పితే పక్క ఊరికి వినబడుతుంది. కొంగు బిగించి "హైలే...స్సా!" అంది.

గేదె కదిలింది! కొమ్ములొచ్చాయి... మెడ వచ్చింది... ఆ పెద్ద పొట్టా వచ్చింది! పక్కకి లాగి నేల మీద దించగానే మామ్మ దాని మెడ వాటేసుకుంది. రైతులూ జాలర్లూ బురద చేతులతోనే ఒకళ్ల వీపు ఒకళ్లు చరుచుకున్నారు. పెదనాన్నయితే చిన్నత్తని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. ఆ వారంలోనే పెయ్య పుట్టింది... మొదటి జున్ను జాలర్ల ఇళ్లకే వెళ్లింది!

మొన్న ఊరెళితే, కాలవలో దిగబడిన ట్రాక్టర్ని క్రేను లేపుతోంది. డ్రైవరు కూర్చున్న చోటు నుంచే మీట లాగాడు... రెండు నిమిషాల్లో పనైపోయింది. మంచిదే, ఎవరి చేతులూ బొబ్బలెక్కలేదు. కానీ చూడ్డానికి ఒక్కరూ రాలేదు... నాకెందుకో దిగులేసింది.

మీ ఊళ్లో బరువులు లాగేటప్పుడు ఏమని అరిచేవారు... ఏ మాట దగ్గర లాగేవారు? చెప్పండి. ఎవరైనా ఆ కేక వేస్తే, ఈ వయసులో కూడా వచ్చి తాడు పట్టుకోవాలనుంది నాకు...