మల్బా లారీ వెనక మా వదిన

పొద్దున మా స్నానాలగది గోడ పగలగొట్టిన మేస్త్రీ సుత్తి పక్కన పెట్టి, "దీదీ, మల్బా కహాఁ ఫేంకూఁ?" అని, ఎక్కడ పారబొయ్యాలో అడిగాడు. కూల్చిన ఇటుకలు, సిమెంటు పెళ్లలు, విరిగిన టైల్సు, అన్నిటికీ కలిపి ఇక్కడి హిందీలో మల్బా అనే ఒకటే మాట. అతని చూపు అప్పటికే అపార్టుమెంటు వెనకున్న ఖాళీ స్థలం మీదికి పోయింది. "అక్కడొద్దు భయ్యా, ఆగు" అన్నాను గాని, ఎక్కడికి పంపాలో తెలియక ఒకచోట కూర్చోలేకపోయాను. ఫోను పట్టుకుని హాల్లోకీ బాల్కనీలోకీ తిరుగుతుంటే మా ఆయన, "అచ్చం మీ వదినలా తయారయ్యావు" అన్నాడు.

మా వదిన నిజంగానే కూర్చునే మనిషి కాదు. అన్నం కూడా వంటింటి గట్టుకి ఆనుకుని, నిలబడే తినేది. అన్నయ్యది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సరోజినీ నగర్‌లో క్వార్టరు. నేను అప్పట్లో మునిర్కాలో గది తీసుకుని చదువుకుంటూ, ఆదివారం పప్పూ ఆవకాయా కోసం వాళ్లింటికి చేరేదాన్ని. వదిన నోయిడాలో ఒక బిల్డరు దగ్గర సైటు ఇంజనీరు. పాత గోదాములు కూల్చి అక్కడ ఫ్లాట్లు కడుతున్నారు. మార్కెట్లో కుర్తీ బేరమాడుతూ కూడా, కొట్టు ముందు పోసిన ఇసుక కాలవలోకి జారిపోతోందని కొట్టువాడికి పాఠం చెప్పేది. ఆవిణ్ణి వదిలించుకోవడానికే అతను రేటు తగ్గించేవాడనుకుంటాను.

సైటు నుంచి మల్బా లారీలు బయల్దేరిన రోజుల్లో ఆవిడకి ఒక అనుమానం పట్టుకుంది. "పొడి చేసే ప్లాంటు అంత దూరంలో ఉంటే, లారీ ఇంత తొందరగా ఎలా తిరిగొస్తోందే?" అంది. ఆ ఆదివారం నన్ను ఆటోలో ఎక్కించుకుని లారీ వెనక పడింది. అది ప్లాంటు దారి వదిలేసి, ఒక ఊరి చివర వాననీరు పోయే కాలవలో మొత్తం గుమ్మరించింది. గేదెని తోలుకెళ్తున్న ఒక పెద్దావిడ మా దగ్గర ఆగింది. "బరసాత్ మే పానీ ఘర్ మే ఘుస్ జాతా హై, బేటీ" అంది. వానాకాలం నీళ్లు ఇంట్లోకొచ్చేస్తాయని, ఎవరి మీదా ఫిర్యాదు లేనట్టు చెప్పింది. తిరుగు దారంతా వదిన కదలకుండా కూర్చుంది. ఆవిణ్ణి అలా చూడడం నాకదే మొదలు. భయమేసింది.

సోమవారం క్లాసు మానేసి నేనూ సైటుకి వెళ్లాను. వదిన కాలవ సంగతి అడిగితే, ఇదేమన్నా బంగారమా, బయటికి పోతే చాలన్నట్టు మేనేజరు నవ్వాడు. "మేడమ్, మల్బా హై, సోనా థోడీ హై. బాహర్ గయా, బస్."

"బాహర్ భీ కిసీకా ఘర్ హై, సర్" అని, ఆ బయట కూడా ఎవరిదో ఇల్లేనని చెప్పి, వదిన ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కెళ్లి గేటుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. లారీలు హారన్లు మోగించాయి. మేనేజరు అన్నయ్యకి ఫోను చేసి, వచ్చి భార్యని తీసుకుపొమ్మన్నాడు. అన్నయ్య మెళ్లో ఆఫీసు కార్డుతో, చేతిలో టిఫిన్ డబ్బాతో దిగాడు.

"ఏమండీ, మీరెందుకొచ్చారు?"

"పొద్దున తినకుండా వచ్చేశావు. ముందు తిను" అని ఇంకో కుర్చీ తెచ్చి ఆవిడ పక్కనే వేసుకున్నాడు. ప్రభుత్వోద్యోగి రోడ్డు మీద బైఠాయించడమా అన్న బెంగతో కాబోలు, ఆయన కాలు మాత్రం ఊగుతూనే ఉంది.

మధ్యాహ్నానికి శ్లాబు కోసం కాంక్రీటు లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఇక మేనేజరు దిగొస్తాడనుకున్నాను. వదిన లేచి కుర్చీ పక్కకి లాగేసింది. "ఇదేంటి వదినా?" అన్నాను. "ఆపితే గట్టిపడిపోతుందే. అదీ మల్బా అయిపోతుంది" అంది. గేటు బార్లా తెరుచుకుంది. మల్బా లారీలు కూడా హాయిగా పోవచ్చు. మేనేజరు ఆవిణ్ణి కాసేపు చూసి, మల్బా లారీ డ్రైవరుని ఆగమని చెయ్యి చూపించాడు. "ఠీక్ హై మేడమ్. ప్లాంట్ హీ జాయేగా. ఆప్ సాథ్ బైఠియే" అన్నాడు. వదిన ఆ లారీ ముందు సీటెక్కి, దానితోపాటే ప్లాంటుకి వెళ్లింది.

తర్వాతి మల్బాలో ఇటుక ముక్కలు సైటులోని రోడ్ల కిందే పరిచారు. కాలవలో పోసింది తియ్యడానికి తవ్వే బండిని పంపారు గాని, సగం పనికే వెనక్కి పిలిచేశారు. తర్వాత కట్టిన ఫ్లాట్లకి వదినని పనిలోకి తీసుకోలేదు. ఆ వానాకాలం మేమిద్దరం ఆ ఊరెళ్లాం. నీళ్లు పెద్దావిడ గడప దాకా వచ్చి ఆగాయి. ఆవిడ మాకు టీ ఇచ్చింది. వదిన గ్లాసు పట్టుకుని కాలవ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, "ఇంకా తవ్వాలి, ఇది చాలదు" అంటూనే ఉంది.

ఇంత వయసొచ్చినా ఈ మనిషికి నిలకడ రాలేదేమిటా అనుకున్నాను ఆరోజు. అప్పటి ఆవిడ వయసు నేను ఎప్పుడో దాటేశాను, ఇప్పుడు ఫోను పట్టుకుని హాల్లోకీ బాల్కనీలోకీ తిరుగుతున్నాను. ఏళ్లు గడిస్తే నిలకడ దానంతటదే వస్తుందనుకునేదాన్ని. ఏళ్లు మాత్రం వచ్చాయి.