అక్క నాటిన గులాబీ కొమ్మ

మొన్న నర్సరీలో, కొసకు పేడముద్ద పెట్టి నాటిన గులాబీ కొమ్మలు చూశాను. అరవైల్లో మన పెరళ్ళలోనూ అలాగే నాటేవాళ్ళు, గుర్తుందా?

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో, పెద్దమనిషైందని అక్కను బడి మాన్పించారు. మళ్ళీ పంపమని ఏడిస్తే, పెరట్లో అక్క అప్పుడే నాటిన కొమ్మను చూపించి, "ఇది బతికితే పంపిస్తాలేవే" అన్నాడు నాన్న.

బియ్యం కడిగిన నీళ్ళు పోసి, ఎండ తగలకుండా తాటాకు అడ్డంపెట్టి కాపాడింది అక్క. కొమ్మ చిగురేసింది. నాన్నను చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి చూపించింది.

"చిగురుదేముందే, కొమ్మలో పసరుంటే వస్తుంది. వేరు పట్టాలిగా."

అక్క కొమ్మను పెరికి చూపించింది. తెల్లటి వేళ్ళకు మట్టి అంటుకుని ఉంది.

"పట్టింది నాన్నా."

నాన్న కండువా దులుపుకుని, "రేపట్నించి మిరపకోతకు రా" అని వెళ్ళిపోయాడు.

అక్క మళ్ళీ బడి ముఖం చూడలేదు.