మంచులో చీపురు పుల్ల

ఆ ఫోటో తీసింది నేనని ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. డెన్వర్‌లో కొన్ని తెలుగు ఇళ్ళలో అది ఫ్రేము కట్టి గోడ మీద ఉంది. కింద అక్క పేరు ఉంటుంది.

అక్క అంటే సొంత అక్క కాదు. నేను మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో తన అపార్ట్‌మెంట్‌లో ఒక గది ఇచ్చిన సీనియర్. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. వారాంతాల్లో బారసాలలకూ ఓణీల ఫంక్షన్లకూ ఫోటోలు తీసేది. నేను వెనక లైటు స్టాండు పట్టుకునేదాన్ని. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు, లైటు వెనక నిలబడ్డవాళ్ళను ఎవరూ పలకరించరు కాబట్టి ఆ పని హాయిగా ఉండేది. ఇంటికొచ్చాక మాత్రం వాగుతూనే ఉండేదాన్ని. చదివిన పుస్తకాలు, డైరీలో రాసుకోబోయే మాటలు, అన్నీ అక్కకే.

ఆ జనవరిలో కొండల మీద ఒక సరస్సు గడ్డకట్టిందని తెలిసి వెళ్ళాం. గాలికి పైనున్న పొడి మంచు ఎగిరిపోయి, కింది ఐసు నల్లటి అద్దంలా ఉంది. దూరంగా ఇద్దరు ముగ్గురు ఐసుకు కన్నం పెట్టుకుని చేపలు పడుతున్నారు. అక్క గట్టు దగ్గర నాలుగు ఫోటోలు తీసి వణికిపోయింది.

"నువ్వు తియ్యే ఇగ. సెట్టింగ్స్ అన్నీ నీకు తెల్సు గద. నా వేళ్ళు ఊడిపోతున్నయ్" అని కెమెరా నా మెడలో వేసి, కార్లో హీటర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒక మలుపు తిరిగాక అవి కనిపించాయి. అడుగున కుళ్ళే ఆకుల నుంచి బుడగలు పైకి లేస్తాయని, ఐసు మందమయ్యేకొద్దీ ఒక్కోటీ ఒక్కో మట్టంలో చిక్కుకుపోతుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను. చూడడం అదే మొదటిసారి. తెల్లటి అప్పడాలు దొంతరలుగా పేర్చి నీళ్ళలో వదిలేసినట్టు, కిందికి, ఇంకా కిందికి.

పైన సన్నగా నూగులాంటి మంచు పట్టి ఉంది. ఇండియన్ స్టోర్‌లో కొన్న మెత్త చీపురు తెచ్చుకున్నాం, దాంతో ఊడ్చాను. ఇంకా మసకగానే ఉంటే ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్ళు పోశాను. పోసిన చోటే అవి గడ్డకట్టి, ఐసు మెరుగు పెట్టినట్టయింది. ఊడిపోయిన చీపురు పుల్ల ఒకటి అందులో ఇరుక్కుపోయింది. గోటితో గీకినా రాలేదు. ఎండ తళుక్కుమంటుంటే లోపలివి కనబడవు, అందుకని సూర్యుడు కొండ వెనక్కి దిగేదాకా అక్కడే బోర్లా పడుకున్నాను. చలికి బ్యాటరీ చచ్చిపోకుండా తీసి చంకలో పెట్టుకున్నాను. కింద ఎక్కడో ఐసు మూలిగినప్పుడల్లా ఆ మూలుగు నా పొట్టకు తగిలేది.

కారెక్కగానే అక్క అడిగింది. "మంచిగ వచ్చినయా?"

"అక్కా, సరస్సు ఊపిరి పట్టుకుని కూర్చున్నట్టుంది. ఎండలొచ్చేదాకా వదలదు."

"మస్తు చెప్తవే నువ్వు" అని నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. ఆ మాట డైరీలో రాసుకోవాలనుకున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పేశాను కదా అనిపించి రాయలేదు.

ఉగాది ఫంక్షన్‌కి స్టాండ్లు మోయడానికి రమ్మంటే వెళ్ళాను. హాలు గుమ్మం దగ్గర ఫోటోల పోటీకి వచ్చినవన్నీ పెట్టారు. మధ్యలో పెద్దదిగా నా బుడగలు. మూలన చీపురు పుల్ల. కింద అక్క పేరు. పొరపాటున పడిందేమో, స్టేజ్ మీద సరిచేస్తుందేమో అనుకుంటూ వెనక వరసలో కూర్చున్నాను. నా పేరు పిలిస్తే ఎలా లేవాలా అని భయపడ్డాను కూడా.

మొదటి బహుమతి అన్నారు. అక్కకు శాలువా కప్పి మైకిచ్చారు.

"ఐస్ మీద పడుకొనే తీసిన అండి, చేతులు మొద్దుబారిపోయినయ్. ఇగో ఈ గోల్డ్ కలర్ లైన్ చూడండి, అది నేచురల్ క్రాక్. ఆ లేక్‌ని చూస్తే ఊపిరి పట్టుకొని కూసున్నట్టు అనిపించింది నాకు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో తనదన్నప్పుడు కాదు, ఆ మాట తనదన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి.

భోజనాల దగ్గర ఒక అంకుల్ పులిహోర వడ్డించుకుంటూ అడిగాడు. "నువ్వూ వెళ్ళావటగా అమ్మా. నువ్వేం చేశావు మరి?"

"చీపురు పట్టుకున్నాను అంకుల్."

"అక్కడ కూడా ఊడిపించిందా మీ అక్క?" అని ఆయన పక్కవాళ్ళకు కూడా చెప్పి నవ్వించాడు. అక్క కూడా నవ్వింది.

తిరిగి వస్తూ కార్లో అడిగాను. "ఆ మాట నేనన్నది కదా అక్కా."

"ఏ మాట?"

"ఊపిరి పట్టుకోవడం."

"అవునా? నాకు నా మాట లెక్కనే అనిపించిందే." కాస్త దూరం పోయాక మళ్ళీ తనే అంది. "కెమెరా నాది, ఎడిట్ చేసింది నేను. నీ పేరే ఇచ్చిన అనుకో, స్టేజ్ ఎక్కుతుంటివా? నిజం చెప్పు."

ఎక్కేదాన్ని కాదు. ఆ సంగతి నాకంటే బాగా ఆమెకు తెలుసు. తెలియనిచ్చింది నేనే. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడుకున్నవన్నీ పాలు, ట్రాష్, లాండ్రీ. అక్క ఒకటి రెండుసార్లు "ఏం చదువుతున్నవే?" అంది. పుస్తకం అట్ట చూపించి ఊరుకున్నాను.

వేసవిలో ఆమెకు జెర్సీ సిటీలో ఉద్యోగం వచ్చింది. సామాను కిందికి దింపుతుంటే చివరగా ఆ బుడగల ఫోటో ఫ్రేము నా చేతికొచ్చింది. కారు వెనక సీట్లో దుప్పట్ల మధ్య పడుకోబెట్టి, అద్దం మీద ఆ గీత చూపించాను.

"అక్కా, ఇది పగులు కాదు. మన చీపురు పుల్ల."

వంగి చాలాసేపు చూసింది. ముఖం ఎర్రబడింది, వెంటనే నవ్వేసింది. డోర్ వేసి, నా బుగ్గ మీద తట్టి, డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాక కిటికీ దించింది.

"నువ్వు మంచిదానివే. ఎవ్వరికీ చెప్పవు."