కంచె మీది పాలపిట్ట

కారు దిగొద్దని చెప్పాను. వాలిన పిట్టను ఫోటో తీయాలంటే మొదటి పాఠమే అది. కారు దగ్గరికొచ్చినా పిట్ట పట్టించుకోదు, మనిషి కాలు కింద పెడితే లేచిపోతుంది. నేరుగా మీదికి పోకుండా పక్కవాటుగా, ఆగి ఆగి జరగాలి. ఇంజన్ ఆపి, కిటికీ అంచు మీద బియ్యం నింపిన గుడ్డసంచి వేసి, దానిమీద లెన్స్ ఆనించాలి. ఇవన్నీ మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఎవడు విన్నాడు?

ఈ గల్ఫ్ ఎడారిలో, అల్ షహానియా అనే ఊళ్ళో ఒక ఒంటెల ఫారం కంచె మీద పాలపిట్ట వాలుతోందని నాకు చూపించింది అక్కడ మేత వేసే నిజామాబాద్ మనిషి. దసరానాడు అది కంటబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని ఆయన నమ్మకం. ఇక్కడికొచ్చిన ఎనిమిదేళ్ళలో ఒక్క పండక్కీ చూడలేదట. ఈసారి డ్యూటీ అయ్యాక స్నానం చేసి వస్తానని, అందాకా దాన్నెవరూ బెదరగొట్టకుండా చూడమని అడిగాడు. కాపలా నాది అన్నాను.

అన్నవాణ్ణి నోరు మూసుకుని ఉండొద్దూ! ఆ సాయంత్రమే ఫోటో గ్రూపులో పెట్టాను. ఎక్కడని అడిగితే గొప్పకు పోయి లొకేషన్ కూడా పెట్టాను.

పండగ పొద్దున్నే ఐదు కార్లు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. కిటికీలోంచి చేతులూపుతూనే ఉన్నాను, పట్టుచీరలూ పిల్లలూ అందరూ దిగారు. వాలి ఉన్నప్పుడు పాలపిట్ట మట్టిరంగే ఎక్కువ, రెక్క విప్పితేనే ఆ నీలం. ఆ నీలం కనబడితేనే దర్శనమట. పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన చప్పట్లు కొట్టాడు. అది కదలకపోతే చెప్పు తీసి కంచెకేసి కొట్టాడు. పిట్ట లేచింది, అందరూ దణ్ణాలు పెట్టారు. ఒళ్ళు మండి నోటికొచ్చినట్టు తిట్టాను. పండగపూట ఏం మాటలవని నన్నే కసిరి, టిఫిన్లకు టైమైందంటూ కార్లెక్కారు.

గంటన్నర చూశాను. అది మళ్ళీ రాలేదు.

నిజామాబాద్ ఆయన తడితలతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఖాళీ తీగను, ఇసుకలో టైర్ల గుర్తులను చూశాడు. నేను వాళ్ళ ఏడుతరాలనూ తిడుతూ, కెమెరాలో నిన్నటి ఫోటో ఆయనకు చూపించాను. ఈకలు లెక్కపెట్టేంత బాగా వచ్చింది. ఆయన ఒక్కసారి చూసి కెమెరా నా చేతిలో పెట్టేశాడు.

"గీ జాగ మనిద్దరికే ఎర్క గద సారూ," అన్నాడు. "మరి ఆళ్ళకెట్ల తెల్సింది?"